పాతికకి నాలుగు, ఒకటోసారి

మూఢనమ్మకం ఎక్కడున్నా నేను ఇట్టే పసిగట్టగలనని చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకానికి ఆధారం ఏమిటని ఎవరూ నన్ను అడగలేదు. నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. కాలేజీ రోజుల నుంచీ వేదికలెక్కి వాదించినవాణ్ణి. గ్రహణం పట్టిన వేళ నలుగురి ముందూ నిలబడి ఇడ్లీ తిన్నవాణ్ణి. పాలకొల్లు దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో, కాలువ గట్టు పక్కనున్న హైస్కూల్లో లెక్కలు చెబుతూ, అడిగినవాడికీ అడగనివాడికీ హేతువాదం కూడా చెప్పేవాణ్ణి.

ఆ ఏడాది పైనుంచి ఒక ప్రణాళిక వచ్చింది. పదో తరగతి పిల్లల్ని ఎ, బి, సి అని మూడు గుంపులు చేయాలి. సి గుంపుకి వారానికి రెండు స్లిప్ టెస్టులు పెట్టాలి. మార్కులు తల్లిదండ్రులకు తెలియజేయాలి. ఎలా తెలియజేయాలో మాత్రం ఆ కాగితంలో లేదు. ఆ ఖాళీని నేను పూరించాను. పరీక్ష పెట్టిన మర్నాడు పొద్దున్నే ఆరున్నరకల్లా ప్రతి ఇంటి ఫోనుకీ ఒక మెసేజీ, అదీ తెలుగులో, అందరికీ అర్థమయ్యేలా పంపుదామన్నాను.

తెలుగు మాస్టారు ఒక్కరే నసిగారు. "పిల్లకొచ్చిన మార్కు పిల్లతో చెబితే చాలదాండీ? ఇంటికెందుకు పంపడం?"

"దాపరికమండీ! దాపరికమే సకల మూఢత్వానికీ తల్లి," అన్నాను. అంతటితో ఆగకుండా పావుగంట మాట్లాడాను. ఆయన టీ చల్లారిపోయింది. వాదనలో నేనే గెలిచాను.

సంక్రాంతి సెలవులకి ముందు హెడ్మిస్ట్రెస్ గారు పిలిచి, హాజరు తీసుకునే ట్యాబ్ నా ముందుకి తోశారు. సి గుంపులో ఒక అమ్మాయి పేరు ఎర్రరంగులో ఉంది. చేపలమ్మే ఆవిడ కూతురు. వెనక బెంచీలో గోడకి ఆనుకుని కూర్చునే పిల్ల. పిలిస్తే లేచి నిలబడేది, అడిగినదానికి జవాబు మాత్రం చెప్పేది కాదు.

"ఇలాగే మానేస్తుంటే హాల్ టికెట్ రాదండీ," అన్నారావిడ. తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "రాకపోయినా ఒకందుకు మంచిదే లెండి. మన వందశాతం చెడకుండా ఉంటుంది. వచ్చే ఏడాది ప్రైవేటుగా కట్టుకుంటుంది."

ప్రైవేటుగా కట్టుకుంటుంది! ఈ మాట ఎన్ని బడుల్లో ఎంత సులువుగా అంటారో నాకు తెలుసు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అలా కట్టుకుంటామని వెళ్ళిన ఆడపిల్లల్లో ఎంతమందిని మళ్ళీ చూశారండీ మీరు? వందశాతం అని గేటు మీద బోర్డు రాసుకోవడానికి వందో పిల్లని గెంటేస్తామా?"

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఉపన్యాసం నాకెందుకండీ? ఆ పిల్లని తీసుకురండి. లెక్క చూశాను. ఇక్కణ్ణుంచి ఒక్క రోజూ మానకపోతే గీత దాటుతుంది. ఒక్కరోజు మానినా నా చేతుల్లో లేదు."

ఆ పిల్ల రాని తేదీలు రాసుకున్నాను. అన్నీ సోమవారాలూ గురువారాలే! నాకింక వేరే ఆధారం అక్కర్లేకపోయింది. సోమవారం శివుడు, గురువారం బాబా. ఎదిగే పిల్లని ఉపవాసాలతో మాడ్చి గుళ్ళ చుట్టూ తిప్పుతున్నారన్నమాట. మర్నాడు మంగళవారం. మెసేజీలు పంపేసి, బండి తీసి, ఏమేం మాట్లాడాలో దారి పొడవునా కూర్చుకుంటూ రేవుకి వెళ్ళాను.

రేవులో చేపల వేలం నడుస్తోంది. ఐసు నీళ్ళూ బురదా కలిసి కాలు జారుతోంది. వేలం పాడే ఆయన ఒక బల్ల మీద నిలబడి పండుగొప్ప చేపల తట్ట ఒకటి పాడేస్తున్నాడు. ఆయన గొంతు కాలువ అవతలి ఒడ్డున కూడా వినబడుతుంది. తల్లి మెత్తళ్ళనే సన్నచేపలు ఏరుతోంది. పక్కనే పిల్ల, స్కూలు డ్రెస్సు మీద పాత చొక్కా తొడుక్కుని, చేతులు మోచేతుల దాకా తడిపేసుకుని ఉంది. నన్ను చూడగానే కాళ్ళు ముడుచుకుంది.

కూర్చుకొచ్చిందంతా ఒక్క ఊపులో చెప్పేశాను. ఏ దేవుడూ పదిహేనేళ్ళ పిల్ల ఆకలి కోరడన్నాను. ఉపవాసాలుంటే మీరుండండి, దాన్ని వదిలేయండన్నాను. చదువును మించిన పుణ్యం లేదని కూడా అన్నాను. పుణ్యమనే మాట నేను వాడకూడదు, కానీ ఊపులో వచ్చేసింది.

తల్లి నోరు తెరుచుకుని విన్నది. "ఉపవాసమా? ఎవరండీ, ఇదా?" అంది. "పొద్దున్నే ఇంత చద్దన్నంలో రాత్రి పులుసు పోసుకుని తినొచ్చిందండి. ఉపవాసం చేసే మొగమేనాండీ అది?"

పక్కనున్న ముసలావిడ అందుకుంది. "ఈ పిల్ల మొక్కుకుంటే దేవుడే పస్తుండాలి బాబూ!"

చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు.

"మరి సోమవారం, గురువారం బడికి ఎందుకు రావడం లేదమ్మా?"

తల్లి చేతిలోని మెత్తళ్ళు తట్టలోకి జారిపోయాయి. "రావట్లేదా? రోజూ సంచీ తగిలించుకునే వెళ్తందండీ!" కూతురి వైపు తిరిగింది. "ఏమే, ఎక్కడికి పోతన్నావే?"

బడికి రాలేదని హాజరు ట్యాబ్ నుంచి వాటంతటవే వచ్చే మెసేజీలు ఆమె ఫోనులో ఉన్నాయి. అవి ఇంగ్లీషులో ఉంటాయి. ఇంగ్లీషులో వచ్చేదంతా రీఛార్జి గొడవేనని ఆమె వదిలేసేది.

పిల్ల తట్టలోకి వంగి మెత్తళ్ళు ఏరసాగింది. అంతలో వలలు సర్దుకుంటున్న ఒకాయన తన ఫోను వేలం పాడే ఆయనకి అందించాడు. "మావాడి మాస్టారు మెసేజీ పెట్టాడంట, చదివి చెప్పు బావా."

ఆయన తట్ట పాడిన గొంతుతోనే నా మెసేజీ చదివాడు. ఆయనకి ఇంకో గొంతు లేదు. "మీ అబ్బాయికి లెక్కల్లో... పాతికకి ఆరూ!"

"ఆరేనా? పాడండి బాబూ పాడండి!" అన్నారెవరో.

"ఆరు, ఒకటోసారి! ఆరు, రెండోసారి!"

రేవంతా గొల్లుమంది. ఆ తండ్రి కూడా నవ్వాడు, కానీ ఫోను తీసుకున్నాక తల పైకెత్తలేదు. వేలం ఆయనలో కూడా చెడ్డతనం ఏమీ లేదు. నలుగురికీ చదివి పెట్టే మంచి మనిషి. ఎవరు ఏ కాగితం తెచ్చినా అలాగే చదువుతాడు.

"మా దానికీ ఒకసారి ఇలాగే నాలుగొచ్చాయండి," అంది తల్లి. "ఆ వారమంతా దీన్ని నాలుగూ, నాలుగూ అని పిలిచి చంపుకుతిన్నారు. తర్వాత మరి మెసేజీ రాలేదు. బాగా రాస్తందేమో, అందుకే రావట్లేదనుకున్నా."

అప్పుడు మాట్లాడింది ఆ పిల్ల. మా బడిలో నాలుగేళ్ళుగా చదువుతోంది. నాతో పూర్తి వాక్యం మాట్లాడటం అదే మొదటిసారి.

"పరీక్ష రాస్తేనే కదండీ మార్కులొచ్చేది. రాకపోతే మీరు ఏం పంపుతారు?"

ఆ రెండు రోజులూ, జనాన్ని అవతలి ఒడ్డుకి దాటించే పంటు రేవు మెట్ల మీద కూర్చుని, బడి వదిలే వేళకి ఇంటికి వచ్చేదట. సోమవారానికి శివుడితో పని లేదు. సోమ, గురువారాలు స్లిప్ టెస్టులకి నేను పెట్టిన రోజులు. ఆ కాలపట్టిక నా చేతిరాతతోనే నోటీసు బోర్డులో ఉంది. తేదీలు చూడగానే దేవుణ్ణి అనుమానించాను తప్ప, నా కాలపట్టిక నాకు గుర్తే రాలేదు. ఆ పిల్ల తర్కంలో మాత్రం వేలెత్తి చూపే చోటు లేదు.

బడికి వెళ్ళి తెలుగు మాస్టారి ముందు నిలబడి, "మీరన్నదే రైటండీ," అన్నాను. ఆయన టీ తాగుతూ, "ఏదండీ?" అన్నారు. అది ఆయనకి గుర్తు కూడా లేదు.

మెసేజీలు ఆపేశాను. జవాబు కాగితాన్ని మడిచి, ఎవరిది వాళ్ళ చేతికే ఇవ్వడం మొదలుపెట్టాను. పైన అంకె వేయడం మానేసి, ఏ లెక్క ఎక్కడ తప్పిందో, మళ్ళీ ఎక్కణ్ణుంచి చేయాలో ఒక్క ముక్క రాసేవాణ్ణి. పై అధికారులకి కావలసిన మార్కులు రిజిస్టర్లో ఉండేవి, బడికొచ్చి అడిగిన తల్లిదండ్రులకి విడిగా చెప్పేవాణ్ణి. ప్రణాళికకి వచ్చిన లోటేమీ లేదు.

ఆ గురువారం పిల్ల వచ్చింది. ఆ పై సోమవారమూ వచ్చింది. నేను రోజూ ట్యాబ్ చూసేవాణ్ణి. జాతకం చూసేవాళ్ళని ఎంత వెక్కిరించానో అంత ఆత్రంగా చూసేవాణ్ణి. ఫిబ్రవరిలో ఒక సోమవారం మంచు దట్టంగా పట్టింది. ప్రార్థన అయిపోయింది. హాజరు ముగించే వేళ దగ్గర పడుతోంది. వెనక బెంచీలో గోడ పక్క ఖాళీగా ఉంది. హెడ్మిస్ట్రెస్ గారు ట్యాబ్ పట్టుకుని వరండాలో నిలబడ్డారు. నన్ను చూడలేదు, గేటు వైపే చూస్తున్నారు.

ఆఖరి నిమిషాల్లో గేటు దగ్గర సంచీ కనబడింది, దాని వెనకాల పిల్ల. "పంటు... మంచుకి... కదల్లేదండీ," అంటూ వగర్చింది. అవతలి ఒడ్డున అమ్మమ్మ ఇంటికి ఆదివారం వెళ్ళిందట.

"ముందు మొహం ఇటు పెట్టు, తర్వాత చెబుదువుగాని," అని ఆవిడ ట్యాబ్ ఎత్తి హాజరు ఫోటో తీశారు. తీశాక గట్టిగా ఊపిరి వదిలారు. వందశాతం బోర్డు కోసం కాదని నాకు అప్పుడు తెలిసింది. ఆవిడ గురించి కూడా నేను తొందరపడ్డాను.

గీత దాటింది. హాల్ టికెట్ వచ్చింది. అందరితో పాటు, మా బడి పిల్లగానే పరీక్ష రాసింది.

ఫలితాలొచ్చిన రోజు తల్లీకూతుళ్ళు బడికి వచ్చారు. లెక్కల్లో నలభై మూడు, అన్నింట్లోనూ పాసు. ఆ అంకె తెరమీద చూశాక చాలాసేపటికి గానీ నా భుజాలు దిగలేదు. తల్లి చెంగుతో మొహం తుడుచుకుని, "ఈసారి నిజంగానే మొక్కుకున్నానండి. సోమారం పాలకొల్లు గుడికి పోవాలి. మీరేం మాట్లాడకండి," అంది. నేనేం మాట్లాడలేదు. ఒక్క రోజుకి నా హేతువాదానికి వచ్చే నష్టమేమీ లేదు.

వెళ్ళబోతూ ఆమె ఆగింది. "మాస్టారండీ, ఒక్క మెసేజీ పెట్టండి. ఆ రోజు పెట్టినట్టే."

నేను పిల్ల వైపు చూశాను. అడగకుండా పంపి చేసిన తప్పు ఒకటి చాలు. "పెట్టమంటావా?"

పిల్ల తల్లి చేతిలోని ఫోను వైపు చూసింది. "పెట్టండి సార్. కానీ ఇప్పుడు కాదు. రేపు పొద్దున్న ఆరున్నరకి. రేవులో వేలం ఆయన చదువుతుంటే నేను అక్కడే నిలబడి వింటాను."

మర్నాడు ఆరు గంటలకే టైపు చేసి పెట్టుకున్నాను. ఆరున్నర అయ్యేదాకా ఫోను చేత్తో పట్టుకుని కూర్చున్నాను.