పికప్ ఎవరిది

మొన్న ఆదివారం మా అబ్బాయి ఫోను నా ముందు పెట్టి, ఈ రెండు కార్లలో ఏది కొనమంటావని అడిగాడు. రెండూ ఇంటిల్లిపాదీ కూర్చునేవే, వెనక డిక్కీ ఉన్నవే, కానీ కుర్రవాళ్ళు మోజుపడేట్టు ముస్తాబు చేసినవి. ఆ వీడియోలో ఎవరో జెండా ఊపగానే రెండూ పక్కపక్కనే దూసుకుపోయాయి. చివరికి ఒకటి కాస్త ముందుంది. ఎంత తేడా అని అడిగితే వాడు నవ్వి, చిటికె వేసి, ఇంతేనమ్మా అన్నాడు. ఆ చిటికె నా చెవిలో ఇంకా మోగుతూనే ఉంది.

మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన చిన్నతనంలో కారంటే పెళ్ళికో దవాఖానాకో కిరాయికి తెచ్చుకునేది, అందులో పదిమంది ఇరుక్కుని కూర్చున్నా ఎవరూ మొహం చిట్లించేవారు కాదు, చేరామా లేదా అన్నదే లెక్క. నాకు పెళ్ళయి పిల్లవాడు పుట్టేనాటికి ఆ లెక్క మారిపోయింది. కొత్తగూడెంలో బొగ్గుబాయి ఉద్యోగం చేసే మా ఆయన ఎర్రటి పెట్రోలు కారు కొన్నాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే, కల్లూరులో మిర్చీ, మామిడీ పండించే మా అన్న వెండిరంగు డీజిలు కారు తెచ్చాడు. ఇక ఎక్కడ కలిసినా, విస్తరి ముందు కూర్చున్నా సరే, ఇద్దరికీ ఒకటే మాట: పికప్. కాలు పెడితే నా బండి ఎగిరిపోతుందని ఈయన, టర్బో అందుకున్నాక నా బండిని ఆపేదెవరని ఆయన. వడ్డించే మా చేతులు నొప్పిపుట్టేవి గానీ వాళ్ళ వాదన మాత్రం తెమిలేది కాదు.

పిల్లవాడికి మూడో ఏట భద్రాచలంలో పుట్టువెంట్రుకలు తీయిద్దామనుకున్నాం. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి తీయించడం మా ఇళ్ళలో ఆనవాయితీ, అందుకని మా అన్న వారం ముందే పిల్లవాడికి పట్టుబట్టలు కొని పెట్టుకున్నాడు, నాకు చీర తెచ్చాడు. రెండు కార్లలో బయలుదేరాం. మా కార్లో నేనూ పిల్లవాడూ, అన్న కార్లో అమ్మా వదినా. పాల్వంచ దాటి అడవిలోకి వచ్చాక, బాణంలా సాగే రోడ్డు ఒకటి కనబడగానే ముందుపోతున్న మా ఆయన బండి ఆపాడు. వెనకాల అన్నా ఆపాడు. ఇవాళ తేల్చేద్దామనుకున్నారు.

బరువుంటే పికప్ తెలియదట. అందుకని స్టెప్నీలు దించారు, జాకీలు దించారు, పులిహోర గంగాళం దించారు, నీళ్ళ క్యాను దించారు, ఆ తర్వాత మమ్మల్ని దించారు. మా అమ్మ పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, ఆకులు రాల్చిన టేకుచెట్టు కింద, ఆ గంగాళం పక్కన కూర్చుంది. తువ్వాల ఊపి పంపడం వదిన పని. చివర్న రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీ దగ్గర నిలబడి ఎవరిది ముందొచ్చిందో చెప్పడానికి నన్ను ఎంచారు. నా భార్య కదా అని ఈయన ధీమా, నా చెల్లె కదా అని ఆయన ధీమా. అన్నే నన్ను అక్కడ దింపి వెనక్కి పోయాడు.

ఇప్పపూల గంపలతో అడవిలోంచి వస్తున్న ఆడవాళ్ళు నన్ను చూసి ఆగారు. అవతల వదిన తువ్వాల ఊపుతుంటే, ఎవరికైనా పానం బాగలేదా, జల్దీ పోవాల్నా అని వాళ్ళలో పెద్దామె అడిగింది. ఏమని చెప్పను?

మొదట ఎర్ర కారే ముందుంది, మా ఆయన మొహంలో వెలుగు నాకు దూరం నుంచే కనబడింది. తర్వాత వెండి కారును ఎవరో వెనకనుంచి తోసినట్టయింది. మోరీ దాటేటప్పుడు దాని ముక్కు ముందుంది. చాలా కొంచెమే, కానీ ముందే. ఇద్దరూ బండ్లు మళ్ళించుకొచ్చి నా ముందు నిలబడ్డారు. అన్న బండే ముందొచ్చిందని చెప్పాను. చూసింది చెప్పాను, ఇవాళ అడిగినా అదే చెప్తాను.

మా అన్న అక్కడితో ఆగితే బాగుండేది. బానెట్ మీద చరిచి, పడీ పడీ నవ్వి, "బాయిల తిరిగేటోళ్ళకు పైన స్పీడేడ తెలుస్తది బావా" అన్నాడు. మా ఆయన నావైపు తిరిగాడు. "మీ అన్న గాబట్టి గట్ల చెప్పినవ్. నా కొడుకు ఆయన ఒళ్ళ కూసోడు" అన్నాడు.

కూర్చోలేదు కూడా. అమ్మ ఏడ్చి బతిమాలినా అన్న క్షమించమనలేదు, ఈయన మెత్తబడలేదు. సామాను పంచుకున్నట్టు మమ్మల్నీ పంచుకుని, వాళ్ళు వెనక్కీ, మేం ముందుకీ వెళ్ళిపోయాం. గోదావరి ఒడ్డున మంగలి కత్తి నూరుకుంటూ, "మేనమామ ఏడమ్మా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన "లేడు" అన్నాడు. పిల్లవాణ్ణి నా ఒళ్ళోనే కూర్చోబెట్టుకున్నాను.

తర్వాత మా అన్న ఆ కథను ఊరంతా చెప్పుకున్నాడు, మా చెల్లె నోటితోనే ఒప్పుకుందని. నా మాట ఆయనకు పతకమైంది, ఈయనకు ములుకైంది, నాకు మాత్రం పుట్టింటి గడప దూరమైంది. అమ్మ పోయినప్పుడు ఒక్కదాన్నే బస్సులో వెళ్ళాను. కర్మకాండ ముగిసి తిరిగొచ్చేటప్పుడు వదిన బొట్టు పెట్టింది గానీ, మేనల్లుణ్ణి ఒళ్ళో కూర్చోనివ్వలేదన్న కోపంతో అన్న గదిలోంచి బయటికి రాలేదు. ఆ రోజు బస్సులో ఏడ్చిన ఏడుపు ఇంకెప్పుడూ ఏడవలేదు.

ఎర్ర కారు తుక్కుకింద పోయింది. వెండి కారు మిర్చీ బస్తాలు మోసి మోసి ఇప్పుడు కొట్టం వెనక కోళ్ళకు గూడయిందని విన్నాను. ఆ రోడ్డు వెడల్పు చేశారు, నేను నిలబడిన మోరీ ఎక్కడుందో ఇప్పుడు పోల్చుకోలేను, టేకుచెట్లూ చాలా పోయాయి. పంతం ఒక్కటే ఇంకా కొత్తబండిలా నడుస్తోంది. పొద్దున బయలుదేరితే అన్నం వేళకు చేరే ఊరికి పోలేక నా తల నెరిసిపోయింది, ఒక చిటికె తేడాకు.

ఏ కారో మా అబ్బాయే ఎంచుకున్నాడు. నన్ను మాత్రం, కొత్త బండిలో ముందు భద్రాచలమేనా అమ్మా అని అడిగాడు.

"కాదు. కల్లూరు, మీ మేనమామ దగ్గరికి" అన్నాను.

పక్కగదిలో మా ఆయన టీవీ సౌండు పెంచాడు.