గంగమ్మకు వదిలిన చేప

ఎల్లాజీ కుడిచేతి వేళ్ల కొసలకు స్పర్శ లేదు. వల బాగుచేస్తున్నప్పుడు దారం ముడి బిగిసిందో లేదో కళ్లతో చూస్తే తప్ప తెలియదు. భోగాపురం దిగువన సముద్రపు ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో, నలభై ఆరేళ్ల మనిషికి అది చిన్న లోటేమీ కాదు. ఎవరైనా అడిగితే మాత్రం, "మంచుని ముట్టుకున్నాక దానికీ ఏదో ఒకటి ఇచ్చుకోవాల కదరా" అనేవాడు.

మూడు సీజన్లు అతను దక్షిణ ధ్రువం దగ్గరి సముద్రంలో గేలాల ఓడ మీద పనిచేశాడు. ఊరు అతనికి మంచు ఎల్లాజీ అని పేరు పెట్టింది.

ఆ ఓడ పట్టేది ఒకటే రకం చేప. నిలబెడితే మనిషంత ఉంటుంది. కిలోమీటరు పైచిలుకు లోతున, యాభై ఏళ్ల దాకా బతుకుతుంది. పట్టిన ప్రతి టన్నుకూ ఒక చేపకి మళ్లీ దొరికితే తెలిసేలా వీపు మీద రెండు రంగు ట్యాగులు గుచ్చి, ప్రాణంతో నీళ్లలోకి వదలాలన్నది అక్కడి నియమం. చెయ్యి నేర్పున్నవాడని ఆ పని ఎల్లాజీకి అప్పగించారు. మొదటి ఏడు తిరిగొచ్చి ఈ సంగతి చెబితే ముసలి మేనమామ నరసింగరావు ఏమీ వింతపడలేదు. "మన బోటులో మొదటి సేప గంగమ్మకి వదల్లేదేటి? ఆలకీ అదే ఆచారం అయ్యుంటాది" అన్నాడు. ఎల్లాజీ తాత కాలం నుంచీ వాళ్ల బోటులో ఆ అలవాటు ఉంది. వలకు పడిన మొదటి మంచి చేపను చూసి, బతికుండగా వెనక్కి వదిలేస్తారు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం అనూరాధ వచ్చింది. రెండో సీజన్లో అదే ఓడ మీద పరిశీలకురాలిగా ఉన్న పరిశోధకురాలామె. పట్టిన చేపలు కొలిచేది, తలలోంచి గవ్వలాంటి చిన్న రాయి తీసి వయసు కట్టేది. ఇప్పుడు ఎల్లాజీ వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీ తాగుతోంది. ఎల్లాజీ భార్య కూర్మమ్మ గుమ్మంలో కూర్చుని చాటలో మరమరాలు ఏరుతోంది. కూర్మమ్మ తమ్ముడు వినోద్ గోడకు ఆనుకుని వింటున్నాడు. అతని పాస్‌పోర్టు, డాక్టరు పరీక్షలు అన్నీ అయిపోయాయి. నవంబరులో బావతోపాటు అదే ఓడ ఎక్కాలి.

"మూడేళ్లలో మీ ఓడ వదిలినవి నాలుగువందల పన్నెండు చేపలు, ఎల్లాజీ గారూ. మళ్లీ గేలానికి దొరికింది ఒక్కటే" అంది అనూరాధ. "ఇంచుమించు అన్నే వదిలిన పక్క ఓడవి ముప్ఫైకి పైగా దొరికాయి."

"సముద్రం పెద్దది కదండీ. ఎటో పోయుంటాయి" అన్నాడు వినోద్.

"లెక్క కూడా అదే అంటుంది, అదే నా భయం." ఆమె కూర్మమ్మ ముందున్న మరమరాల చాట చూపించింది. "ఇందులో పది శనగ గింజలు కలిపామనుకోండి. నాలుగు పిడికిళ్లు తీసినా ఒక్కటీ రాలేదనుకోండి. మరమరాలు చాలా ఉన్నాయనుకుంటాం కదా? మీ చేపలు దొరక్కపోతే అక్కడ చేపలు బోలెడున్నాయని లెక్క తేలుతుంది. ఇంకా ఎక్కువ పట్టుకోమంటారు. అవి చచ్చిపోయినందువల్ల దొరకలేదనుకోండి, లేని చేపలు ఉన్నాయని చెప్పి, ఉన్న కొన్నింటినీ పట్టించినట్టు."

ఎల్లాజీ చాట వైపే చూస్తున్నాడు.

"మీ పేరు నేను రాయను. కానీ ట్యాగులు గుచ్చింది మీరేనని కంపెనీకి తెలుసు. అది మీకు ముందే చెప్పాలి" అంది. "వదిలినప్పుడు అవి ప్రాణంతోనే ఉన్నాయా?"

ఆ మంచు సముద్రం మీద, ఓడ పనిచేసే నెలల్లో పొద్దు గుంకదు. పన్నెండు గంటలు పనిచేసి ఆ ఏటి పరిశీలకులు నిద్రకు పోయాక, పని చేయించే మేటు వచ్చి ఎల్లాజీ పక్కన నిలబడేవాడు. మొదటి సీజన్లో ఒకసారి ఎల్లాజీ మచ్చలేని చేపనొకదాన్ని నీళ్లలోకి దించే ఉయ్యాలగుడ్డలోకి జాగ్రత్తగా ఎత్తబోతే, మేటు దాన్ని కొక్కెంతో లాగి కత్తిబల్ల మీదికి విసిరాడు. మొప్పలు చీలి నెత్తురు కారుతున్న ఇంకోదాన్ని చూపించాడు. అమ్మకానికి పనికిరానిది ట్యాగుకి. ఎల్లాజీ గుచ్చి వదిలాడు. అది నీళ్లలో నాలుగు బారలు పోయి వెల్లకిలా తేలింది. పక్షులు దిగాయి. కాగితంలో 'బాగుంది' అని ఉన్నచోట అతనే టిక్కు పెట్టాడు. తర్వాత తర్వాత వదిలినవాటి వైపు చూడటం మానేశాడు.

"ఈదుకుంటా పోనాయి మేడం" అన్నాడు.

అనూరాధ ఫోన్ నంబరు రాసిచ్చి వెళ్లిపోయింది. వినోద్ పెద్దగా ఊపిరి వదిలాడు.

కూర్మమ్మ చాట తీస్తూ అడిగింది. "నిజంగా బతికున్నాయా మావా?"

"కొన్ని."

"సచ్చినదాన్ని వదిలీసి, వదిలినానని రాసినావా?"

"అది గంగమ్మకి కాదే. ఆపీసోలకి."

"ఆ నీలు వేరు, ఈ నీలు వేరా?" అని ఆమె లోపలికి పోయింది.

మర్నాడు తెల్లారాక ఎల్లాజీ, వినోద్ బోటు మీద వల లాగారు. కానాగంత చేపలు పడ్డాయి. మొదటి చేపని తీసి చేతిలో పట్టుకున్నాడు ఎల్లాజీ. వేళ్లకు అది కొట్టుకుంటోందో లేదో తెలియలేదు. మొప్ప ఎత్తి చూశాడు. చిరిగి ఉంది. దాన్ని పక్కన పెట్టి రెండోది తీశాడు. అదీ అంతే. మూడోది, నాలుగోది.

"ఏటి బావా, పెల్లిసూపులా?" అన్నాడు వినోద్. "ఏదో ఒకటి ఇసిరీ. ఎండెక్కుతన్నాది."

వల అంచున చిక్కుకోకుండా ఆగిన ఒక్కటి దొరికింది. ఎల్లాజీ దాన్ని రెండు చేతులతో నీళ్లలో పెట్టాడు. అది తిన్నగా కిందికి పోయింది. పోయినచోటే చూస్తూ, "ఆ మేడంకి ఫోన్ సేస్తానురా" అన్నాడు.

వినోద్‌కి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. "మనిద్దరికీ పనుండదు బావా."

"ఉండదు."

"నీ సేతులు పోనాయి. నా సేతులు బాగున్నాయి కదా! నన్నెందుకు ముంచుతావు?"

ఎల్లాజీ బోటును ఒడ్డు వైపు తిప్పాడు. ఒడ్డు మీద, వినోద్ వింటుండగానే ఫోన్ చేశాడు.

"పెద్దవి అన్నీ సచ్చినవే మేడం. సిన్నవాటిలో సగం."

"రాసి సంతకం పెడతారా?"

"పెడతాను. ఆ కాయితాల మీదా నా సంతకవే ఉన్నాది కదా."

నవంబరు రెండో వారంలో, ఓడకు మనుషుల్ని కుదిర్చే విశాఖ ఏజెంటు పంపిన జాబితాలో ఇద్దరి పేర్లూ లేవు. ఎల్లాజీ ఫోన్ చేస్తే ఏజెంటు ఎత్తలేదు. వినోద్ గుజరాత్ వెళ్లే బోటు కూలీల గుంపులో కలిసి వేరావల్ పోయాడు. రైలెక్కించడానికి కూర్మమ్మ ఒక్కతే విజయనగరం వెళ్లింది. బావని రావద్దన్నాడట.

డిసెంబరులో అనూరాధ ఫోన్ చేసింది. ఆ ఓడ లెక్కలు మూడేళ్లవీ తీసేశారు. ఆ ప్రాంతంలో ఈసారికి పట్టుకునే చేపల పరిమితి పెంచలేదు.

"మరి అక్కడ సేపలు ఎన్నున్నట్టు?" అన్నాడు ఎల్లాజీ.

"తెలియదండీ. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకు రావాలి. ఏళ్లు పడుతుంది."

ఓడ మాత్రం ఎప్పటిలాగే బయల్దేరిందట. ట్యాగులకు కొత్త మనిషిని పెట్టుకున్నారట. ఎల్లాజీ ఫోన్ పక్కన పెట్టి వల ముందుకు లాక్కున్నాడు.

"ఆ కొత్తోడు ఎలాటివి వదుల్తాడో" అంది కూర్మమ్మ.

ఎల్లాజీ దారం అందుకున్నాడు. ముడి వేశాడు. ఎండ కళ్లలో పడి సరిగా కనబడలేదు. బిగిసిందో లేదో పళ్లతో పట్టి లాగి చూసుకున్నాడు.