మంగ వెతికిన పాదం

మా చిన్నప్పుడు విహారయాత్రంటే అందరినీ ధవళేశ్వరం బ్యారేజీకి తీసుకెళ్ళేవారు. మమ్మల్ని మాత్రం ఏడో తరగతిలో మా సైన్సు మాస్టారు మెడికల్ కాలేజీ మ్యూజియానికి తీసుకెళ్ళారు... గాజు జాడీల్లో మనుషుల గుండెలు, ఊపిరితిత్తులు, చేతులు, కాళ్ళు. ముక్కులు పగిలే మందు వాసన. అందరం ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుని గబగబా నడిచాం.

నా స్నేహితురాలు మంగ మాత్రం కాళ్ళున్న జాడీల దగ్గరే ఆగిపోయింది.

వాళ్ళ నాన్న మా రామచంద్రపురం పక్క ఊళ్ళల్లో చెట్లెక్కి కొబ్బరికాయలు దింపేవాడు. అంతకుముందు ఏడాది పనికని వెళ్ళి మరి రాలేదు... గోదాట్లో కలిసిపోయాడని కొందరు, ఎవరితోనో లేచిపోయాడని కొందరు. పోలీసులేమో "తాగి ఎక్కడో పడుంటాడు, వస్తాడులే" అని వాళ్ళమ్మని పంపేశారు.

చెట్లెక్కీ ఎక్కీ ఆయన పాదాలు కాయలు కాసి ఉండేవి. మంగ వంగి వంగి ఒక్కో పాదాన్నీ చూస్తోంది.

"ఇయ్యన్నీ ఎవరియ్యండీ?" అని అక్కడ చూపిస్తున్న డాక్టరుగారిని అడిగింది.

"దిక్కులేనివాళ్ళవమ్మా. ఎవరూ రాని శవాలు."

"ఎవరన్నా వస్తే ఇచ్చేస్తారాండీ?"

పిల్లలు కిసుక్కుమన్నారు. మాస్టారు దాని నెత్తిన ఒక్క మొట్టికాయ వేసి బయటికి పంపేశారు... తండ్రిని వెతుక్కుంటున్న పిల్లని. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా చెవిలో చెప్పింది... "మా నాన్న అందులో లేడే." సంతోషంగా చెప్పింది.

మొన్నామధ్య వాళ్ళమ్మ పోయింది. ఇన్నేళ్ళూ ఆవిడ బొట్టు తియ్యలేదు. అందుకని ఎన్ని మాటలు పడిందో... తీరా శవాన్ని లేపే వేళకి పెద్దమనుషులకి పెద్ద ధర్మసందేహం. ముత్తయిదువుగా పంపాలా, వద్దా అని. "ఆయన ఉన్నట్టో లేనట్టో తేలాలి కదండీ" అంటూ ఒకాయన గంటసేపు వాదించాడు. శవం అలా ఎండలోనే ఉంది...

మంగ లోపల్నుంచి కుంకుమ భరిణె తెచ్చి తల్లి నుదుటిన ఇంత బొట్టు పెట్టింది. "ఇంక ఎత్తండి" అంది.

ఇప్పుడు దేహదానం చేసినవాళ్ళకి దండలేసి పేపర్లో ఫొటో వేస్తున్నారు... మంచిదే. ఎవరైనా తప్పిపోతే సాయంత్రానికల్లా వాళ్ళ ఫొటో అందరి ఫోన్లలోనూ ఉంటోంది... అదీ మంచిదే. ఆ రోజుల్లో ఒక కూలివాడు కనబడకపోతే వెతికిన నాథుడు లేడు. వెతికిన ఒక్క పిల్లకీ మొట్టికాయ పడింది.

మీ ఊళ్ళోనూ అలా వెళ్ళి తిరిగి రానివాళ్ళుంటే, కింద కామెంట్లలో వాళ్ళ పేరైనా రాయండి...

మంగ వాళ్ళ నాన్న పేరు వీర్రాజు.