మావయ్య పెట్టెలో నా పాస్‌పోర్టు

ఆ రోజుల్లో మా కొత్తపేట వైపు పరాయి దేశం అంటే చూసొచ్చే చోటు కాదు, చేసొచ్చే పని. మస్కట్ అన్నా, కువైట్ అన్నా, దుబాయ్ అన్నా మా వీధిలో అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏం వీసా అండీ?" దానికి డ్రైవరు వీసా, కంపెనీ వీసా, ఇంటిపని వీసా అని మూడు జవాబులుండేవి. "ఊరికే చూడ్డానికి" అని ఎవరైనా నాలుగో జవాబు చెబితే, ఆ మనిషి అబద్ధమాడుతోందనో, ఏ ఏజెంటో ఆమెను నిలువునా ముంచుతున్నాడనో అనుకునేవారు తప్ప, నిజంగా చూడ్డానికే వెళుతోందని ఎవరూ అనుకునేవారు కాదు. మా వీధిలో ఆ నాలుగో జవాబు చెప్పిన మొదటి మనిషిని నేనే. అందుకు నాకు జరిగిన మర్యాదేమిటో చెబుతాను. (మా బంధువులెవరైనా ఇది చదివితే చదవనివ్వండి. నేనేమీ మర్చిపోలేదు.)

అప్పుడు నేను కొత్తపేటలో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. గొడవంతా మా చిన్నక్క పెళ్ళి భోజనాల దగ్గర మొదలైంది. దుబాయ్‌లో ఉన్న ఆ ఎత్తైన మేడ చూడాలని ఉందని పక్కనున్న వాళ్ళతో ఏదో మాటవరసకి అన్నాను. ఎదురు బంతిలో బూరెలో నెయ్యి పోయించుకుంటున్న మా మావయ్య, అంటే అమ్మకు తమ్ముడు, తలెత్తి, "దుబాయా? నువ్వా? కొత్తపేటలో బస్సెక్కి రావులపాలెంలో దిగడం రాదు కదే నీకు!" అన్నాడు. బంతి బంతంతా నవ్వింది. వడ్డించేవాళ్ళు కూడా నవ్వారు. కాలేజీ రోజుల్లో ఒకసారి బస్సులో నిద్రపట్టి, గోదావరి దాటి జొన్నాడలో కళ్ళు తెరిచిన మాట నిజమే. ఒక్కసారి. దాన్ని పెళ్ళిలో, మగపెళ్ళివారి ముందు ఎత్తాలా? ఆ రోజు నేను బూరె ముట్టలేదు.

మావయ్య మస్కట్‌లో చాలా ఏళ్ళు టైల్స్ మేస్త్రిగా చేసి వచ్చినవాడు. అందుచేత వీధిలో ఎవరి వీసా వ్యవహారమైనా ఆయన దగ్గరికే వచ్చేది. ఆయన్ని అడగకుండానే వెళ్ళి చూపించాలని నా పంతం. స్కూల్లో లెక్కల టీచరు నాకు స్నేహితురాలు, తను కూడా వస్తానంది. ఇద్దరం భోజనాల బెల్లులో ఫోను ముందేసుకుని వీసాల గురించి చదివాం. అదొక సముద్రం. కొన్ని దేశాలు మనల్ని వీసా లేకుండానే రానిస్తాయట. కొన్ని దిగాక విమానాశ్రయంలోనే ఇస్తాయట. కొన్నిటికి ముందుగానే వెళ్ళి వేలిముద్రలిచ్చి, బ్యాంకు కాగితాలు చూపించి, వాళ్ళకి నమ్మకం కలిగేదాకా కూర్చోవాలట. ఇంకొన్ని మెయిల్లో పంపిస్తాయట. "దిగాక ఇచ్చే దేశానికి పోదామే, గొడవుండదు," అంది లెక్కల టీచరు. తెలివైన మాటే. కానీ నన్ను నవ్వులపాలు చేసింది దుబాయ్ పేరు చెప్పి. ఇంకో దేశం వెళ్ళొస్తే ఆ లెక్క తేలుతుందా?

అమలాపురంలో ఒక టూర్ల ఆఫీసు అబ్బాయి అంతా విడమరిచి చెప్పాడు. దుబాయ్‌కి ముందే తీసుకోవాలట, పాస్‌పోర్టు మొదటి పేజీ, ఫొటో ఇస్తే చాలట, తిరుగు టికెట్టు, హోటలు కాగితం దగ్గరుంచుకోవాలట, గడువు తీరేలోగా వచ్చెయ్యాలట. "ఇంకోటండి, టూరిస్టు వీసా మీద పని చెయ్యకూడదండి. పట్టుకుంటారండి."

"దానికి భయం లేదండి," అంది లెక్కల టీచరు నన్ను చూపిస్తూ, "ఇది ఇంట్లోనే చెయ్యదండి."

"ఆయ్, అయితే ఇబ్బంది లేదండి," అన్నాడతను, నవ్వకుండా.

వీసా మెయిల్లో వచ్చింది. జిరాక్సు షాపులో ప్రింటు తీయించుకుని, నేరుగా మావయ్య ఇంటికి వెళ్ళాను. (వెళ్ళకుండా ఉండాల్సింది. కానీ చూపించకపోతే ఇంత కష్టం ఎందుకు పడినట్టు?) మావయ్య కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు.

"ఇది జిరాక్సు. అసలుదేదీ?"

"ఇదే అసలుది మావయ్యా. ఇలాగే వస్తుంది."

"పాస్‌పోర్టులో స్టాంపింగ్ ఏదీ?"

"దిగాక కొడతారు."

"కఫీల్ ఎవడు?" కఫీల్ అంటే అక్కడి యజమాని.

"పనికి వెళ్ళేవాళ్ళకి ఉంటాడు. నేను చూడ్డానికెళ్తున్నా."

"ఊరికే చూడ్డానికి పిలిచి వీసా ఎవడిస్తాడే పిచ్చిమొహమా! విజిట్ వీసా మీద తీసుకెళ్ళి ఎవరింట్లోనో దింపేస్తారు. ఏదీ, ఆ పాస్‌పోర్టు ఓసారి ఇలాతే, చూసిస్తా."

ఇచ్చాను. ఆయన చూశాడు. చూసి, లోపలికెళ్ళి, మస్కట్ నుంచి తెచ్చుకున్న ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. "నువ్వు ఎక్కడికీ వెళ్ళట్లేదు," అన్నాడు, నాకేదో మేలు చేసిన మొహం పెట్టి.

సాయంత్రానికి వీధి వీధంతా మా ఇంట్లో ఉంది. పక్కింటి పిన్ని నా చెయ్యి పట్టుకుని, "డబ్బులకి ఇబ్బందైతే మాతో చెప్పొచ్చు కదమ్మా, ఇంటిపనికి అంత దూరం పోవాలా?" అని కళ్ళు తుడుచుకుంది. నేను! ఇంటిపనికి! తాగిన గ్లాసు కూడా కడగనని మా అమ్మ చెప్పుకుని ఏడ్చేది ఆ పిన్నికే కదా! "దీని చేత పని చేయించుకునేవాళ్ళు పడే బాధ ఎవరైనా ఆలోచించేరా చెల్లీ?" అంది అమ్మ. అదీ నా పక్షాన వచ్చిన ఒకే ఒక్క మాట. దాన్ని కూడా నేను గుర్తు పెట్టుకున్నాను.

విమానం రోజు దగ్గర పడుతోంది. పాస్‌పోర్టు లేకపోతే వీసా కాగితం బజ్జీలు కట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. మర్నాడు బడికి సెలవు పెట్టి, మావయ్య ఇంటి అరుగు మీద కూర్చున్నాను. దారిన పోయేవాళ్ళు ఆగి అడిగినప్పుడల్లా, "మా మావయ్య నా పాస్‌పోర్టు దాచేశాడండీ" అని వివరంగా చెప్పాను. పొద్దెక్కేసరికి గొంతు పోయింది. మా అత్తయ్య మాత్రం గుమ్మం పక్క నుంచి పెసరట్టు అందిస్తూ, "అల్లం పచ్చడి సరిపోయిందా?" అని గుసగుసగా అడుగుతుండేది. నిరాహారదీక్ష అని నేనెప్పుడూ అనలేదు కాబట్టి తిన్నాను.

మధ్యాహ్నం మావయ్యే వచ్చి పక్కన కూర్చున్నాడు. "మస్కట్‌లో నేను చూసేనే," అన్నాడు మెల్లిగా. "మనవైపు ఆడపిల్లలే. విజిట్ అని చెప్పి తెచ్చేసేరు. ఎవరికీ చెప్పుకోలేక గోడపక్కన నించుని ఏడుస్తుంటే, టైల్సు పని చేస్తూ చూసేను. ఏం చెయ్యగలను? నా పాస్‌పోర్టే నా దగ్గర లేదు, దిగ్గానే కఫీల్ తీసేసుకున్నాడు."

నోటికొచ్చింది అనేశాను: "అయితే నువ్వూ రా. వచ్చి చూడు, ఎవరింట్లో దింపుతారో."

వస్తాడనుకోలేదు. వచ్చాడు! ఆయన పాస్‌పోర్టుకు ఇంకా గడువుంది. టూర్ల ఆఫీసులో ఆ అబ్బాయిని నిలదీసి నిలదీసి, చివరికి తనకీ అలాంటి జిరాక్సు కాగితమే రావడంతో కాస్త మెత్తబడ్డాడు. విమానం రోజున తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని, పెళ్ళికెళ్ళేవాడిలా తయారై వచ్చాడు. నా పాస్‌పోర్టు మాత్రం హైదరాబాదు విమానాశ్రయంలో కౌంటరు ముందుకు వచ్చేదాకా చేతికివ్వలేదు. (రాసి పెట్టుకున్నాను.)

దుబాయ్‌లో దిగి, స్టాంపు కొట్టించుకుని, సామాను తీసుకుని నేనూ లెక్కల టీచరూ బయటికొచ్చాం. వెనక్కి చూస్తే మావయ్య లేడు. గుమ్మం దగ్గరే ఆగిపోయి, పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని, పేర్లు రాసిన అట్టలతో నిలబడ్డ వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు.

"ఏంటి మావయ్యా?"

"ఇది ఎవరికియ్యాలే?"

"ఏది?"

"పాస్‌పోర్టు. దిగ్గానే తీసేసుకుంటారు కదా."

"ఎవరూ తీసుకోరు మావయ్యా. జేబులో పెట్టుకో."

పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. 'నీలాంటి వాళ్ళే తీసుకుంటారు' అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అంత చక్కగా సూదిలా దిగే మాట నాకు మళ్ళీ దొరకలేదు. ఎందుకో అనలేకపోయాను. అది ఇప్పటికీ కొత్తగానే ఉంది, వాడలేదు.

తరువాత ఆయన చేసిన హడావుడికి నా జాలంతా పోయింది. పెద్ద మాలులో అందరూ పైకి చూస్తుంటే ఆయన నేల మీద గొంతుక్కూచుని టైల్సు వేలితో తట్టి చూశాడు. "జాయింటు బాగానే కలిపేడే, ఈ మూల తొందరపడ్డాడు," అన్నాడు. కాపలావాడు వచ్చి ఏమిటని అడిగితే, ఛాతీ విరిచి, "టూరిస్ట్!" అన్నాడు. ఆ మాట అడగనివాళ్ళకి కూడా చెప్పాడు. టాక్సీవాడికి చెప్పాడు, టీ కొట్టువాడికి చెప్పాడు. ఎత్తైన మేడ ముందు లెక్కల టీచరు తీసిన ఫొటోలో నడిమధ్యన మావయ్య, జేబు మీద చెయ్యేసుకుని. పక్కన సగం చెవీ కాస్త జడా కనిపిస్తాయే, అదే నేను.

ఇక ఊళ్ళోకి వచ్చాక విన్నది చూడండి: "మా మేనకోడలు సరదా పడిందండి. పోనీలే అని నేనే తీసుకెళ్ళి చూపించుకొచ్చేను. టూరిస్టు వీసా అండి, ఆయ్. పాస్‌పోర్టు మన దగ్గరే ఉంటాది." జొన్నాడ కథ పెళ్ళిళ్ళలో మానేశాడు. దాని బదులు ఈ కథ మొదలుపెట్టాడు. ఏది నయమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ తరువాత నేను నాలుగైదు దేశాలు చూశాను. ఏ వీసా ఎలా తీసుకోవాలో ఇప్పుడు వీధిలో నన్నే అడుగుతారు. అయినా బయలుదేరే ముందు మావయ్య ఇంటికి వెళ్ళకుండా ఉండలేను. చూపు తగ్గింది, అయినా కళ్ళజోడు సవరించుకుని, "ఏదే, ఓసారి ఇలాతే, చూసిస్తా," అంటాడు. ఆ అరుగు మీద అల్లం పచ్చడి నంజుకుంటూ న్యాయం కోసం పోరాడిన పిల్ల గుర్తొచ్చి నాకు నవ్వొస్తుంది. పాస్‌పోర్టు ఇస్తాను. ఆయన పేజీలు తిప్పినంతసేపూ ఒక అంచు మాత్రం గట్టిగా పట్టుకునే ఉంటాను.