వావిలాకు కట్టు

నా చిన్నప్పుడు మా వాళ్ళకి ఎత్తు అంటే కాలవ గట్టే. ఆనకట్ట కట్టి కాలవలు తవ్విన కొత్తలో పుట్టినదాన్ని నేను. ఇంటి ముందు నీళ్ళు, ఇంటి వెనక చేలు, ఎటు చూసినా చాప పరిచినట్టు నేల. ఆ నేల మీద పెరిగిన కాళ్ళతో ఒకే ఒక్కసారి పాపికొండల అడవిలో నడిచాను. ఇప్పుడు మా మనవలు స్టీమరెక్కి ఆ కొండలు చూసొద్దాం రమ్మని ప్రాణం తీస్తున్నారు. గోదారి మీద రైలు వంతెన పడ్డాక వీళ్ళకి లోకమంతా పక్కవీధి అయిపోయింది. నాకేమో గది దాటి అరుగు మీదకి రావడమే ఒక ప్రయాణం. మీరు వెళ్ళి రండర్రా, నేను చూసేశాను అన్నాను. ఏం చూశావు మామ్మా అని అడిగితే చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను. పెద్ద మనవరాలు మాత్రం రమ్మనీ అనలేదు, ఏం చూశావనీ అడగలేదు. ఆ పిల్ల సంగతి చివర చెబుతాను.

నేను ఆ అడవిలో నడిచిన ఏడు, వానాకాలంలో జ్వరం తగిలి మా అమ్మ పోయింది. నాకు అప్పటికి ఊహ తెలుసు గానీ జడ వేసుకోవడం తెలీదు. మా నాన్న ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. అన్నం ముందు కూర్చుని అలాగే లేచిపోయేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. నా వంక అసలు చూసేవాడే కాదు. పంట ఇంటికి చేరాక ఒకనాడు పొద్దున్నే, కొండలు చూసొస్తాను అన్నాడు. భార్య పోయిన మగాడు ఆ మాట అన్నాడంటే ఆ రోజుల్లో ఇంట్లోవాళ్ళ గుండెలు జారిపోయేవి. ఆ కొండల మీద బైరాగులు గుడిసెలు వేసుకుని ఉండేవారు. చూసొస్తామని వెళ్ళినవాళ్ళు కొందరు అక్కడే కాషాయం కట్టి ఉండిపోయేవారు. పైగా మా నాన్న ఎడ్ల పలుపులు బాబాయి చేతికిచ్చి, ఇక పొలం నువ్వే చూసుకో అన్నాడు. ఇంకా అర్థం కాకపోవడానికి ఏముంది?

మా మేనత్త, అంటే నాన్నకి అక్క, చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింట్లోనే ఉండిపోయింది. నన్ను ఎత్తుకుని పెంచిన చేతులు ఆవిడవే. ఆవిడ తమ్ముణ్ణి బతిమాలలేదు, తిట్టలేదు. అటుకులు మూట కట్టింది, నాకు జడ వేసింది, నేనూ ఎప్పుడూ కొండలు చూడలేదు, పిల్లా చూడలేదు, మేమూ వస్తాం అంది. నాన్న కాదనలేకపోయాడు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి కదా.

రాజమండ్రి దాకా కాలవ పడవలో వెళ్ళాం. అక్కడి నుంచి అడవి కలప కోసం గోదారికి ఎదురు వెళ్ళే పడవ దొరికింది. కొండలు రెండు వైపుల నుంచీ దగ్గరకి జరిగి, నది సన్నబడిన చోట దిగాం. అక్కడి నుంచి కాలినడక. మా మైదానం వాళ్ళకి తెలిసిందల్లా ఒకటే నడక, గట్టు మీద గబగబా పోయే నడక. ఆ కొండ మీదా అలాగే మొదలుపెట్టాం. కాసేపటికే ఊపిరి అందలేదు, పిక్కలు పట్టేశాయి. ఎండుటాకుల మీద అడుగు వేస్తే జారిపోయేది. టేకు చెట్లు, వెదురు పొదలు, ఎక్కడో నెమళ్ళ కేకలు, బురదలో అడవిదున్న గిట్టల గుర్తులు. ఇదంతా తర్వాత జ్ఞాపకంలో చూశాను గానీ, అప్పుడు చూడలేదు. అప్పుడు నేను చూసింది మా నాన్న వీపు ఒక్కటే. ఆయన వెనక్కి తిరక్కుండా ముందు నడుస్తున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా ఆ వీపు కనబడకుండా పోయేది. అమ్మ పోయింది, నాన్న కూడా ఇలాగే ఒక మలుపు తిరిగి పోతాడు, అంతే, అనుకునేదాన్ని. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

కనుమ దగ్గర పచ్చి రెమ్మలూ ఎండు రెమ్మలూ కలిసిన పెద్ద కుప్ప ఒకటి ఉంది. ఆ దారిన పోయేవాళ్ళు పక్క చెట్టు నుంచి ఒక రెమ్మ తుంచి దాని మీద వేసి, తల్లీ, మా అలుపు నీ దగ్గర పెట్టి పోతున్నాం, మళ్ళీ క్షేమంగా మమ్మల్ని ఇటే తీసుకురా అని దణ్ణం పెట్టుకోవాలట. పడవవాడు ఈ సంగతి మరీ మరీ చెప్పి పంపాడు. అత్త ఒక రెమ్మ వేసింది, నా చేత ఒకటి వేయించింది. నాన్న కుప్పని చూశాడు, చూసి దాటిపోయాడు. మళ్ళీ ఇటే రావాలనుకోనివాడు రెమ్మ ఎందుకు వేస్తాడు? అత్త మొహంలో రంగు పోవడం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

ఆ తర్వాత నాలుగడుగులు వేశామో లేదో, అత్త అమ్మా అంటూ కూలబడింది. మడమ మెలితిరిగిందంది. ఆవిడ ఎలాంటి మనిషంటే, పెద్దాపురం మరిడమ్మ జాతరకి నడిచి వెళ్ళి, నడిచి వచ్చి, ఆ సాయంత్రమే రోకలి పట్టుకున్న మనిషి. అలాంటి మనిషి కళ్ళ నీళ్ళు పెట్టుకుని కూర్చుంది. నేను గట్టిగా అరిచాను. చాలాసేపటికి నాన్న వెనక్కి వచ్చాడు. కోపంగానే వచ్చాడు. వాగు వారకి దిగి వావిలాకు కోసుకొచ్చాడు, చెకుముకి కొట్టి నిప్పు చేసి ఆకు వెచ్చబెట్టాడు, తన తువ్వాలు చించి అక్క ఎడం కాలికి కట్టు కట్టాడు. అమ్మ పోయిన తర్వాత ఆయన చేతులు ఇంకో మనిషిని తాకడం అదే మొదలు. మూట తన నెత్తిన పెట్టుకున్నాడు, అత్తకి భుజం ఇచ్చాడు, నన్ను రెండో చేత్తో పట్టుకున్నాడు. ఇక ముందు ముందు పోవడానికి వీల్లేకపోయింది. ముగ్గురం నత్తనడక నడిచి, పొద్దుగూకే వేళకి శిఖరం కింద కొండవాళ్ళ గుడిసెలు చేరాం. వాళ్ళు పెట్టిన గంజి తాగి, వాళ్ళ పంచలోనే ఒళ్ళు వాల్చాం.

తెల్లారి లేచి చూస్తే కింద ఎక్కడో గోదారి, మా ఇంటి ముందు పంట కాలవంత ఉంది. ఎదుటి కొండ మీద బైరాగుల పొగ లేస్తోంది. నాన్న ఆ పొగ వంకే చూస్తూ నిలబడ్డాడు. అత్త ఊటలో కాళ్ళూ మొహమూ కడుక్కుని, కట్టు మళ్ళీ కట్టుకుని, కుంటుకుంటూ వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"వెళ్ళదలిస్తే వెళ్ళరా తమ్ముడూ, నేను అడ్డం రాను. కానీ ఈ కాలుతో పిల్లని నేను కిందకి దింపలేను. మమ్మల్ని పడవెక్కించి వెళ్ళు" అంది.

నాన్న తల దించి అక్క కాలి వంక చూశాడు. నేనూ చూశాను. కట్టు కుడికాలికి ఉంది. నాకు నోటిదాకా వచ్చింది, అత్తా, నీకు నొప్పి ఆ కాలికి కాదు కదా అని. నాన్న చూపు ఆ కట్టు మీదే ఆగిపోయింది. తన చేత్తో ఆయన అక్క ఎడంకాలికి కట్టిన కట్టది. అత్త మొహం చూస్తే, తన పొరపాటు తనకి తెలిసినట్టే లేదు.

నాన్న మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "కట్టు వదులైంది అక్కా" అన్నాడు. ఆ కుడికాలికే, ముడి విప్పి, మళ్ళీ గట్టిగా బిగించి కట్టాడు. తర్వాత మూట అందుకున్నాడు.

దిగడం ఎక్కడం కంటే కష్టమని అప్పుడే తెలిసింది. కనుమ దగ్గర నాన్న ఆగాడు. రెమ్మ తుంచి కుప్ప మీద వేశాడు. వేసి చాలాసేపు అక్కడే ఉన్నాడు, భుజాలు ఎగిరెగిరిపడుతూ. ఏడుస్తున్నాడని నాకు తెలిసింది. అత్త నన్ను పొదివి పట్టుకుని అటు తిరిగి నిలబడింది. పడవ దగ్గర మమ్మల్ని ఎక్కించాడు, తనూ ఎక్కాడు. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే ఎడ్లని తనే తోలుకుపోయాడు.

అత్త బతికున్నన్నాళ్ళూ ఆ కాలి ఊసు ఇంట్లో రాలేదు. ఆవిడ పోయాక, నాన్న బాగా ముసలివాడయ్యాక, ఒకరోజు ఆయనకి మజ్జిగ ఇస్తూ అడిగాను. కట్టు మారిన సంగతి నువ్వూ చూశావు కదా నాన్నా, ఎందుకు ఊరుకున్నావు అని.

"చూశానమ్మా. నీ కాలికేం కాలేదు అని నేను పైకి అనేస్తే, ఇక నేను వెళ్ళిపోవాల్సి వచ్చేది" అన్నాడు.

ఆ మాట నేను ఎన్నేళ్ళుగానో మోస్తున్నాను. మనిషిని ఆపడానికి బలం చూపించాలని అనుకుంటాం. అత్త నీరసం చూపించింది. ఉండిపోవడానికి ఆయనకి ఒక సాకు కావాలి. ఆ సాకు కుడికాలికి ఉన్నా ఎడంకాలికి ఉన్నా, ఆయనకి అది చాలింది.

మా పెద్ద మనవరాలికి పురిట్లో బిడ్డ పోయింది. మూడు నెలలుగా పుట్టింట్లో గోడవైపు తిరిగి పడుకునే ఉంటోంది. అందరూ ధైర్యం చెబుతున్నారు, నేనూ చెప్పి చెప్పి అలిసిపోయాను. అందుకే ఇవాళ మనవలందరినీ ఆ పిల్ల పడుకున్న చోటికే పిలిచి, సరే, కొండలకి నేనూ వస్తానని చెప్పాను. అడవి ఇప్పుడు సర్కారుదట, గార్డులున్నారట, ఉండనీ. కానీ నా మోకాళ్ళు బొత్తిగా పనిచెయ్యడం లేదు, పెద్దది చెయ్యి పట్టుకుని నడిపిస్తేనే వస్తాను, ఇంకెవరు పట్టుకున్నా రాను అన్నాను. ఆ పిల్ల గోడవైపు నుంచి మెల్లగా ఇటు తిరిగింది. ఏ మోకాలు మామ్మా అని అడిగింది. రెండూనే తల్లీ అన్నాను. అది నిజమే. నాకు అత్తలాగా పొరపాటున కాలు మార్చేస్తానన్న భయం కూడా లేదు.