నాయినకు చెప్త

ఈ రోజు తాండూరులో మా ఎనిమిదో తరగతి పిల్లలకు, ఇంగ్లీషులో 'థ్రెటెన్' అనే మాటను ఏయే మాటలతో కలిపి వాడతారో చెప్పాను. పుస్తకంలో ఉన్నవన్నీ చంపుతామని, దాడి చేస్తామని బెదిరించడాలే. సొంత వాక్యం చెప్పమంటే అనిత లేచి, చదవకపోతే నాయినకు చెప్తానని వాళ్ల అమ్మ రోజూ బెదిరిస్తుందని ఇంగ్లీషులో చక్కగా చెప్పింది.

"మరి చెప్తదా?" అని అడిగాను.

"చెప్పదు సార్. నాయిన కరణ్‌కోట గనుల పనికి పోయి అలిసిపోయి వస్తడు. మేం మంచిగ చదువుకున్నమనే చెప్తది."

సగం క్లాసు అవునన్నట్టు తలూపింది. పుస్తకంలోవి వదిలేసి ఆ వాక్యమే బోర్డు మీద రాయించాను.

ఇది చదువుతున్న మీరూ, మీ ఇంట్లో ఎన్నటికీ నిజం కాని బెదిరింపు ఏదో కింద రాయండి. నేనిది రాస్తుంటే, ఫోను పక్కన పెట్టకపోతే రొట్టె పెట్టనంది మా ఆవిడ. అంటూనే వేడి రొట్టె తెచ్చి నా పళ్లెంలో వేసింది.