నాలుగు ఓమ్‌ల పెట్టె

సియాటిల్‌లో మా రైలు సొరంగంలో ఆగిపోయి అరగంటైంది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఇంకో టీమ్ పని కూడా ఈ వీకెండ్ చూడగలవా అని అడిగిన మేనేజర్‌కి నేను కొట్టిన "షూర్" మెసేజ్ వెళ్లకుండా తిరుగుతూనే ఉంది. వీసా కంపెనీ చేతిలో ఉన్నవాడికి ఇంకో జవాబు తట్టదు.

నా మోకాళ్ల మధ్య పాత స్పీకర్ క్యాబినెట్ ఉంది. బాతెల్‌లోని మా తెలుగు చర్చిలో బేస్ గిటార్ వాయించేది నేనే. దానికోసమే కొన్నాను. రైలు ఆగకముందు నేను ఫోన్‌లో తెలుగులో మాట్లాడింది విన్నాడేమో, ఎదురు సీట్లోని పెద్దాయన పెట్టె వెనకున్న స్టిక్కర్ చదివి తెలుగులోనే అడిగాడు.

"ఇది ఫోర్ ఓమ్స్ బాబూ. ఆంప్లిఫయర్‌కి ఇదొక్కటేనా?"

"చర్చిలో ఇంకో ఫోర్ ఉందంకుల్. రెండూ కలిపితే ఎయిట్. ఆంప్‌కి మినిమమ్ ఫోర్ ఉంటే చాలు."

"అట్లా కూడవు. రెండూ తగిలిస్తే సగమయ్యి టూకి పడిపోద్ది. లోడెక్కువై ఆంప్ కాలిపోద్ది."

నేను ఇంజినీర్ని. సిగ్గేసింది. "కాలిపోతుందని ముందే తెలుస్తుందా అంకుల్?"

"తెలీదు. మొదట్లో సౌండ్ ఇంకా పెరుగుద్ది, అందరూ బాగుందంటారు. అడిగినంతా ఇస్తానే ఉంటది. నావల్ల కాదని చెప్పడం దానికి రాదు."

పెట్టె మీద ఒకసారి అరచెయ్యి ఆనించి, ఆయన సీటుకి జారబడి కళ్లు మూసుకున్నాడు.

రైలు కదిలింది. సిగ్నల్ వచ్చేలోపు ఆ "షూర్"ని తీసేశాను.

క్యాబినెట్ ఇప్పుడు మా ఇంటి హాల్లో పూలకుండీ కింద ఉంది. దీన్ని కూడా తగిలించొచ్చుగా అని చర్చివాళ్లు అడుగుతుంటారు.

కుదరదండీ అంటాను.